రెండో కణుపు దాకా

మా ఆఫీసులో ఏడో అంతస్తు ఊడ్చి తుడిచే పెద్దమ్మ చనిపోయింది. సోమవారం పొద్దున ఆఫీసు బస్సు గచ్చిబౌలి ఫ్లైఓవర్ కింద ఆగి ఉన్నప్పుడు హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ నుంచి ఫోనుకి మెసేజ్ వచ్చింది: "పెద్దమ్మ పోయింది మేడం." ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి కడుక్కుంటూ ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయిందట. హఫీజ్‌పేట్‌లోని ఇంటి నుంచి ఆటోలో దవాఖానకు తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయిందట.

సిగ్గు విడిచి ఒక మాట చెప్పాలి. ఆ మెసేజ్ చూడగానే నాకు ముందు ఏడుపు రాలేదు. భయం వేసింది. బుధవారం మా పొలంలో బార్లీ విత్తాలి. పెద్దమ్మ వచ్చి మట్టిలో వేలు పెట్టి చూసి సరిగ్గా ఉందంటే తప్ప నేను సరే అనకూడదని ఏడాది కిందట నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. వస్తానని శుక్రవారం సాయంత్రం కూడా చెప్పి వెళ్ళింది. ఇప్పుడు ఎవర్ని అడగాలి? మనిషి పోతే ముందు గుర్తొచ్చింది నా పనా అని నన్ను నేను తిట్టుకున్నాను.

మాది విత్తే యంత్రాలకు మెదడు తయారుచేసే చిన్న కంపెనీ. ట్రాక్టరు వెనక తగిలించే పెద్ద ఇనుప గొర్రు అనుకోండి. గింజ ఎంత లోతున పడాలి, బండి ఎంత వేగంగా వెళ్ళాలి, ఎక్కడ ఎన్ని గింజలు రాలాలి అనేవన్నీ మేం ఏసీలో కూర్చుని రాస్తాం. ఉత్తరాదిన చలికాలంలో బార్లీ వేసే రైతులు ఆ యంత్రాలు వాడతారు. ఇక్కడ బార్లీ వేసేవాళ్ళు లేరు కాబట్టి శంకర్‌పల్లి దారిలో కొంత చెలక, అంటే ఎర్రమట్టి మెట్ట నేల, కౌలుకు తీసుకుని, బోరు నీళ్ళు పెట్టి, మేమే వేసి చూసుకుంటాం. ఇక్కడ కుదిరిన లెక్కలు అక్కడి యంత్రాల్లోకి వెళతాయి. వెళ్ళమని ఆఖరి బటన్ నొక్కేది నేను. గోదావరి కాలవ పక్కన పుట్టి, నారు పీకి నాటడం తప్ప విత్తడం ఎలా ఉంటుందో ఎరగని నేను! పైగా పుట్టు పిరికిదాన్ని. గ్యాస్ కట్టేశానో లేదో అని లిఫ్టులోంచి వెనక్కి వెళ్ళే రకం.

పెద్దమ్మది పాలమూరు వైపు పల్లె. హఫీజ్‌పేట్ స్టేషన్లో లోకల్ ట్రైన్ ఎక్కి మా అందరి కన్నా ముందే వచ్చేది. ఆమెకో అలవాటు ఉండేది. హాలంతా తుడిచాక గుమ్మం దగ్గర గొంతుకు కూర్చుని, తల నేల దాకా వంచి, కిటికీ వెలుగులో నేలను ఓరగా చూసేది. అద్దాల హాల్లో అలా వంగి చూస్తుంటే కొత్తగా చేరినవాళ్ళు ఉంగరమో ఏదో పోయిందనుకుని తామూ వెతికేవాళ్ళు. "నిలబడి చూస్తే అంత సాఫే కనబడ్తది బిడ్డా. కూసొని చూస్తేనే ఏడ విడిచినమో ఎరుకైతది" అనేది.

నేను ఆమెను మీరు, అండి అంటే నవ్వేది. "ఏందమ్మా, మాటకోపారి అండి అంటవ్? నేనేమన్న కలెక్టర్నా?" అని ఆటపట్టించేది. అయినా మర్నాడు నేను అండి అనడం మరిచిపోతే "ఇయ్యాల కోపమొచ్చిందా ఏంది" అనేది.

మా స్నేహం మొదలైంది నా టేబుల్ మీది బార్లీ గింజల డబ్బాతో. దుమ్ము తుడుస్తూ ఆగి, ఒక గింజ తీసి కొరికింది.

"గివేం గింజలు?"

"బార్లీ అండి."

"మూత్రం మంట లేస్తే కాసుకొని తాగుతరు, గవేనా? గిట్లుంటయా!"

గుప్పెడు తీసుకుని, పిడికిలి అడుగు నుంచి ఖాళీ డబ్బా మూతలోకి వదలడం మొదలుపెట్టింది. గింజల ధార ఒక్కసారి కూడా లావెక్కలేదు, సన్నబడలేదు. చుట్టుపక్కల కీబోర్డులు ఆగిపోయాయి. అప్పుడు చెప్పింది. పెళ్ళైన ఏడాది నుంచి ఊరు వదిలేదాకా ప్రతి వానాకాలం ఆమె గొర్రు వెనక నడిచిందట. మొగుడు ఎడ్లను తోలితే, ఈమె జడ్డిగంలో గింజలు వదిలేది. జడ్డిగమంటే గొర్రు మీద నిలబెట్టే చెక్క గిన్నె. దాని అడుగున ఉన్న బొక్కల్లోంచి వెదురు గొట్టాల గుండా గింజలు సాళ్ళలోకి జారతాయి. "చెయ్యి ఒక్కతీరుగ ఆడాలె. చెవు గొట్టం మీద ఉండాలె. గింజ జారే సప్పుడు ఆగితే ఆడ సాలు ఖాళీ పోతున్నట్టు" అంది. మా కంపెనీ మూడేళ్ళుగా ఒక యంత్రానికి నేర్పాలని తంటాలు పడుతున్న పనినే ఆమె చెప్తోంది. నాకు నవ్వొచ్చింది, కొంచెం సిగ్గూ వేసింది.

పోయిన ఏడు విత్తే రోజున ఆమె మాతో పొలానికి వచ్చింది. పిలిచింది పని కోసమే. ఉత్తరాది రైతు సంఘం వాళ్ళు చూడడానికి వస్తున్నారు, టెంటు ఊడ్చి టీలు అందించడానికి ఒక మనిషి కావాలన్నారు. ముందు రోజు నేలంతా గడ్డి మందు కొట్టించాం. ఆ మందు పైమట్టిలో పలచగా ఉండి, మొలిచే కలుపును మొలకలోనే చంపుతుంది. దాని మీదుగా యంత్రం వెళ్ళినప్పుడు, సాళ్ళు తీసే దాని ఇనుప పళ్ళు మందున్న పైమట్టిని పక్కకు నెట్టి, కింద శుభ్రమైన మట్టిలో గింజను పెట్టాలి. అప్పుడు సాళ్ళ మధ్య కలుపు చస్తుంది, సాలులో బార్లీ బతుకుతుంది. మొత్తం ఆటంతా ఆ మట్టి ఎంత దూరం పడుతుందన్నదే.

అతిథులు భోజనానికి ముందే బయల్దేరతామన్నారు. "కొంచెం ఫాస్ట్‌గా చూపిద్దాం" అన్నారు మా మేనేజరు గారు. నేను స్పీడ్ పెంచాను. స్క్రీన్ మీద అన్ని సాళ్ళూ పచ్చ రంగులోనే ఉన్నాయి. అతిథులు చప్పట్లు కొట్టారు.

అందరూ టెంటు వైపు వెళ్తుంటే పెద్దమ్మ టీ ఫ్లాస్కు గట్టు మీద పెట్టి, చేలో గొంతుకు కూర్చుంది. చూపుడు వేలితో సాలు తవ్వి, గింజ తగిలేదాకా మట్టిలోకి దింపింది. నన్ను చేత్తో పిలిచింది.

"చూడు బిడ్డా. మొదటి కణుపు దాటాలె, రెండో కణుపు దాటొద్దు. ఈడ ఏలు మొత్తం పోయింది."

"స్క్రీన్‌లో సరిగ్గానే ఉందండీ."

"నీ మిషిన్ సరిగ్గనే ఏసింది. ఏసినంక పక్క సాలు మన్ను ఎగిరొచ్చి దీని మీద పడ్డది. మందు మన్ను."

నా చెయ్యి పట్టుకుని తన చేతి పక్కన పెట్టి చూసింది. "నీ ఏలు సన్నగున్నది గాని పొడుగు నా అంతే. నీ ఏలు బెట్టి చూడు" అంది. పెట్టాను. నా వేలు కూడా మొత్తం దిగింది. మా యంత్రానికి ముందు ఒక వరస పళ్ళు, వెనక ఒక వరస పళ్ళు ఉంటాయి. వేగంగా వెళ్తే వెనక పళ్ళు విసిరే మట్టి, ముందు పళ్ళు అప్పుడే వేసిన సాళ్ళను పూడుస్తుంది. పన్ను ఎంత లోతుకు దిగిందో స్క్రీన్‌కు తెలుసు. ఆ తర్వాత పైన పడ్డ మట్టి సంగతి దానికి తెలియదు, ఎందుకంటే దానికి మేం చెప్పలేదు. ఏడో అంతస్తులో ఇసుక ట్రేలో ఒక్క పన్నునే నడిపి చూసుకున్న వాళ్ళం మేం.

అప్పుడే టెంటులోకి వెళ్ళి చెప్పాల్సింది. లోపల నవ్వులు వినిపిస్తున్నాయి. మేనేజరు గారు అతిథులకు శాలువాలు కప్పుతున్నారు. నేను గట్టు మీదే ఆగిపోయాను. ఎలాగో మొలుస్తుందిలే అనుకున్నాను. అక్కడ అదను దగ్గరపడుతోందని మర్నాడే లెక్కలు పంపించమంటే బటన్ కూడా నొక్కాను. ఆ వేళ్ళతోనే ఇది టైపు చేస్తున్నాను.

ఎనిమిదో రోజున పొలానికి వెళ్తే బార్లీ సాలు విడిచి సాలు మొలిచి ఉంది. పళ్ళూడిన దువ్వెనలా ఉంది చేను. ముందు పళ్ళు వేసిన సాళ్ళలో గింజ మందు మట్టి కింద తెల్లటి మొలక వేసి, అక్కడే మెలిపడి చచ్చింది. మందున్న మట్టి ఎగిరిపోయిన చోట మాత్రం గడ్డి దర్జాగా లేస్తోంది. చంపాల్సినదాన్ని బతికించి బతకాల్సినదాన్ని చంపాం.

ఆఫీసుకి వచ్చి ప్యాంట్రీలో నిలబడ్డాను. అక్కడ ఎంతమంది ఈపాటికి యంత్రం కట్టారో తెలియదు. పెద్దమ్మ కప్పులు కడుగుతోంది. ఆమె అడగకముందే నేనే చెప్పేశాను.

"ఫోన్ జెయ్యి" అంది.

"నా ఉద్యోగం పోతుంది పెద్దమ్మా."

"కొలువు పోతే ఇంకో కొలువు దొర్కుతది. అదను పోతే ఏడ దొర్కుతది?"

చెయ్యలేకపోతున్నాను. ఫోను చేతిలో ఉంది, వేలు కదలడం లేదు. అప్పుడామె చేతులు కొంగుకు తుడుచుకుని, తన సంగతి చెప్పింది. కాపురానికి వచ్చిన రెండో ఏడు, కడుపుతో ఉండి, గొర్రు వెనక నడుస్తూ ఆలోచనలో పడిందట. తడి మన్ను అడ్డం పడి ఒక గొట్టం మూసుకుపోయింది. గింజ జారే చప్పుడు ఆగిన సంగతి చాలాసేపటికి గాని వినపడలేదు. వినపడ్డాకైనా చెప్పలేదు, మొగుడు కొడతాడని. కాలితో మట్టి కప్పేసుకుంటూ పోయింది. జొన్న మొలిచాక చేను నిండా ఖాళీ చారలు. "మా అత్త ఏమనలే. ఆ ఖాళీ సాళ్ళ పొంటి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది, మల్ల ఇంటికి పోయింది. ఆ ఏడు నేను అన్నం బెట్టుకున్నప్పుడల్ల ఆమె నడక కండ్లల్ల మెదిలేది. గప్పుడే చెప్తే ఒక్క పూట తిట్లతోని పోయేది బిడ్డా. మల్ల ఇత్తుకుందుము."

నేను ఫోన్ చేశాను. మేనేజరు గారు అరిచారు, ఆ తర్వాత ఆయనే అరగంటలో అందరికీ ఫోన్లు చేయించి విత్తడం ఆపించారు. ఆయన మంచివారే, నా పిరికితనానికి ఆయన్నెందుకు అనడం. అందరూ ఆగారు, ఒక్క రైతు తప్ప. ఆయన అప్పటికే విత్తేశాడు. ఆయనకు నేనే ఫోన్ చేసి చెప్పాను. తిడతాడని ఫోను చెవికి దూరంగా పెట్టుకున్నాను. ఆయన తిట్టలేదు. "మేడం, ఇప్పుడు మళ్ళీ వేస్తే పండుతుందా?" అని హిందీలో మెల్లగా అడిగాడు. కంపెనీ విత్తనం పంపింది, ఆయన మళ్ళీ విత్తాడు. ఆలస్యంగా వేసిన పైరు పొట్టిగానే ఉండిపోయిందని తర్వాత తెలిసింది. ఆ గొంతు ఇప్పటికీ వినిపిస్తుంది. దాన్ని మరిచిపోయేలా చేయమని పెద్దమ్మను ఎన్నిసార్లో అడిగాను.

"ఎందుకు మర్వాలె? భయం ఉండనీ. గది గొట్టం మీద చెవు అసొంటిది" అంది.

ఆ ఏడాదంతా నేను లెక్కలు మారుస్తూ కూర్చుంటే ఆమె తుడుచుకుంటూ వచ్చి, "ఎంత దాక వచ్చినవ్?" అని అడిగేది. నేను స్పీడ్ తగ్గించాననో, సాళ్ళ ఎడం పెంచాననో చెప్పేదాన్ని. ఎడం మరీ పెంచితే "గంత జాగ ఇస్తే గడ్డి ఊకుంటదా? ఖాళీ కుర్సీ దొరికితే మీ ఆఫీసుల ఎవరన్న ఊకుంటరా?" అనేది. ఆ మాటకు మా టీములో అందరం నవ్వాం, మర్నాడు ఎడం తగ్గించాం.

సోమవారం బస్సు దిగి, లోపలికి వెళ్ళకుండా హఫీజ్‌పేట్‌కు ఆటో ఎక్కాను. కొడుకు ఊరి నుంచి రావాలని పెద్దమ్మను అద్దాల ఫ్రీజర్ పెట్టెలో ఉంచారు. కోడలు నన్ను చూసి, "మేడం, మీరేనా బార్లీ మేడం? బుధారం పొలం పోవాలని పాత చీర తీసి పెట్టుకుంది, మన్ను అంటుతదని" అంటూ ఏడ్చింది. పెద్దమ్మ కుడిచెయ్యి పొట్ట మీద ఉంది. చూపుడు వేలు గోరు పక్కన చిన్న పగులు. ఆ చెయ్యి పట్టుకుందామంటే మధ్యలో అద్దం. నా చెయ్యి అద్దం మీద, ఆమె చేతికి ఎదురుగా ఆనించాను. పొడుగు ఆమె అంతే. అప్పుడొచ్చింది ఏడుపు.

బుధవారం పొలానికి వెళ్ళాను. సోమవారం సాయంత్రం అకాల వాన పడి చెలక మెత్తగా ఉంది. కొత్త లెక్కలతో యంత్రం మొదటి సాళ్ళు వేసుకుంటూ పోయింది. స్క్రీన్ అంతా పచ్చగా ఉంది. "సూపర్. ఈసారి పర్ఫెక్ట్" అన్నారు మేనేజరు గారు.

నేను చెప్పులు విప్పి చేలోకి దిగి, ముందు పళ్ళు వేసిన సాలు దగ్గర గొంతుకు కూర్చున్నాను. వేలు దింపాను. మొదటి కణుపు. రెండో కణుపు. ఇంకా గింజ తగల్లేదు. కొంచెం ముందుకు జరిగి మళ్ళీ చూశాను. అక్కడా అంతే. మెత్తటి నేల కాబట్టి మట్టి ఇంకా దూరం ఎగురుతోంది. ఒకవేళ నేనే తప్పు చూస్తున్నానా? నాకేం తెలుసు? ఆమెకు తెలుసు, ఆమె లేదు. నలుగురూ నన్నే చూస్తున్నారు.

"ఆపండి!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. డ్రైవర్ ఇంజను కట్టేశాడు.

"ఏమైంది? స్క్రీన్ బాగానే ఉంది కదా" అన్నారు మేనేజరు గారు.

"వేలు మొత్తం దిగుతోందండీ. మీరూ పెట్టి చూడండి."

ఆయన ఒక్క క్షణం నా మొహం చూసి, ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని కూర్చుని, వేలు పెట్టారు. ఆయనకూ రెండో కణుపు దాటినా గింజ తగల్లేదు. "ఎంత స్లో చేద్దాం?" అని అడిగారు.

నడక వేగానికి తెచ్చాం. ఎద్దులు నడిచే వేగం అని డ్రైవర్ నవ్వాడు. వేసిన సాళ్ళ పక్కన కొత్త జాగాలో మళ్ళీ మొదలుపెట్టించి, యాభై చోట్ల వేలు పెట్టి చూశాను. గోళ్ళ సందుల్లో మట్టి నిండిపోయింది. ఎక్కడా రెండో కణుపు దాటలేదు. అయినా మొలక చూసేదాకా బటన్ నొక్కనన్నాను. అక్కడ అదనుకు ఇంకా పది రోజులుంది. "ఏడు రోజులు. అంతకు మించి వాళ్ళను ఆపలేను" అన్నారాయన.

ఆ ఏడు రోజులు నేను ఏం తిన్నానో, ఎలా పడుకున్నానో నాకు తెలియదు. రోజూ ఆఫీసులో కొత్త హౌస్‌కీపింగ్ ఆవిడ నిలబడే తుడిచి, నిలబడే చూసి వెళ్ళిపోతోంది.

ఏడో రోజు తెల్లవారగానే క్యాబ్‌లో ఒక్కదాన్నే వెళ్ళాను. గట్టు మీద నిలబడి చూస్తే ఎర్రటి మట్టి తప్ప ఏమీ లేదు. ఈ చివర నుంచి ఆ చివరకు ఉత్త చెలక. మళ్ళీ ఒక రైతుకు ఫోన్ చేయాలా, మళ్ళీ ఆ గొంతు వినాలా అనుకున్నాను. అక్కడే సాలు కొసన కూలబడ్డాను. అప్పుడు ఆమె మాట గుర్తొచ్చింది. చేతులు నేలకు ఆనించి, చెంప మట్టికి తగిలేంత వంగి, ఎండకు ఎదురుగా సాలు వెంబడి ఓరగా చూశాను.

సన్నగా, సూదిమొనంత పచ్చగా, బార్లీ లేచి ఉంది. పక్క సాలు చూశాను. దాని పక్కది చూశాను. నడక వేగంతో వేసిన జాగాలో ఆ చివరిదాకా ఒక్క సాలు కూడా ఖాళీ లేదు. "పెద్దమ్మా, రండి, చూడండి" అని పైకే అన్నాను. ఎంతసేపు అలా వంగి ఉన్నానో తెలియదు. లేద్దామని చూసుకుంటే నా కుడిచేతి చూపుడు వేలు మట్టిలో ఉంది, సరిగ్గా రెండో కణుపు దాకా.